జట్కా వెనకబరువు

షౌకత్ జట్కా ఎక్కిన వాళ్లు ఎవరైనా సరే, ముందుగా వినేది ఒకటే మాట. "జర ముంగటికి జరుగుండ్రి." అది కాకపోతే, "జర ఎన్కకు." రెండు చక్రాల బండి కదా. బరువు ముందుకు ఎక్కువైతే గుర్రం వీపు మీద పడుతుంది. వెనక్కి ఎక్కువైతే గుర్రానికి అటూ ఇటూ ఉన్న కర్రలు పైకి లేచి, కడుపు కింది పట్టీ దాని పొట్టను కోసేస్తుంది. అందుకని పెద్దమనిషి, చిన్నమనిషి అని చూడకుండా షౌకత్ అందరినీ జరిపేవాడు. పెళ్లికూతుళ్లను జరిపాడు, పురిటి నొప్పులు పడుతున్న ఆడవాళ్లను జరిపాడు, ఒకసారి బోధన్‌లో పెద్ద అధికారిని కూడా జరిపి తిట్లు తిన్నాడు. వెనక ఎవరు ఎక్కడ కూర్చున్నారో, ఏ మూట ఎటు పక్కన ఉందో, తిరిగి చూడకుండానే చెప్పగలనని అతనికి గట్టి నమ్మకం. నమ్మకం అనడం మర్యాదకు. నిజానికి అది పొగరు.

ఆ పొగరు అతన్ని ఎక్కడ నిలబెట్టిందో చెప్పాలంటే, ఆ ట్రంకుపెట్టె మనిషి దగ్గర మొదలుపెట్టాలి.

భాషల లెక్కన కొత్త రాష్ట్రం ఏర్పడి రెండేళ్లయింది. చెరుకు నరికే కాలం. బోధన్ ఊరంతా చక్కెర ఫ్యాక్టరీ పొగ, బెల్లపు మడ్డి వాసన. నిజామాబాద్ నుంచి వచ్చిన బస్సులోంచి ఒకాయన దిగాడు. పేరు ఆత్మారాం అన్నాడు. యాభై దాటిన సన్నని మనిషి, ఖద్దరు లాల్చీ, కళ్లద్దాలు, చేతిలో తాళం వేసిన రేకు ట్రంకు.

"నిజామాబాద్ల పిల్లలకు బొమ్మలు గీసుడు నేర్పుత. నాలుగొద్దులు సెలవు పెట్టిన. పాత గుళ్లు, మసీదులు, మంజీర ఒడ్డు చూడాలె. తిప్పుతవా?" అని అడిగాడు.

తిప్పుతానని షౌకత్ ఒప్పుకున్నాడు గానీ, అప్పుడే అతని మనసులో ముల్లు గుచ్చుకుంది. మనుషులు పెళ్లికి సెలవు పెడతారు, జ్వరానికి పెడతారు, చావుకు పెడతారు. రాళ్లు చూడటానికి సెలవు పెట్టే మనిషిని అతను అంతవరకు చూడలేదు. పైగా ట్రంకు అందుకోబోతే, ఆత్మారాం గభాలున వెనక్కి లాక్కున్నాడు.

"ఉండనీ. నేనే పెట్టుకుంట" అన్నాడు.

మొదటి రోజు బోధన్ ఊళ్లోనే తిరిగారు. దేవల్ మసీదులో ఆత్మారాం ఒక్కో రాతిస్తంభం దగ్గర ఆగి, దాని చుట్టూ దారం చుట్టి కొలిచాడు. వేలి కణుపుతో తట్టి చెవి ఆనించి విన్నాడు. ఊరి బయట కాలువ గట్టు మీద నిలబడి, ఈ నీళ్లు నిజాంసాగర్ నుంచి ఎన్ని ఊళ్ల మీదుగా వస్తాయని అడిగాడు. ఆ తర్వాత, మంజీర ఒడ్డున పాత గుడి ఏ ఊళ్లో ఉందో కనుక్కున్నాడు. తాడిగాంలో ఉందని షౌకత్ నోరు జారాడు. జారాక నాలుక కరుచుకున్నాడు.

"ఆ గుళ్లె రాత్రి పూట ఎవరన్న ఉంటరా?" అని ఆత్మారాం మామూలుగా అడిగాడు.

షౌకత్ వినపడనట్టు వంగి గుర్రం పట్టీ సవరించాడు.

అతని భయం ఊరికే పుట్టింది కాదు. మూడేళ్ల కింద మంజీర కింది ఊళ్లలో ఒకచోట గుళ్లోంచి దేవుడి విగ్రహం పోయింది. దొంగ వచ్చింది రఫీక్ జట్కాలో. పాపం, రఫీక్‌కు ఏమీ తెలియదు, కిరాయి మాట్లాడుకుని తీసుకెళ్లాడంతే. ఊరివాళ్లు అతన్ని పట్టుకుని చక్రాలు విరగ్గొట్టారు. విగ్రహం తర్వాత నాందేడ్‌లో దొరికింది, దొంగా దొరికాడు, రఫీక్ తప్పు లేదని అందరూ ఒప్పుకున్నారు. ఒప్పుకున్నారు గానీ, ఆ తర్వాత ఏ ఊరివాళ్లూ అతని జట్కా ఎక్కలేదు. గుర్రాన్ని అమ్ముకుని ఇప్పుడు గంజి బజారులో పసుపు బస్తాలు మోస్తున్నాడు. షౌకత్ రోజూ అటువైపు వెళ్తూ అతన్ని చూస్తాడు. చూసిన ప్రతిసారీ తల తిప్పుకుంటాడు.

షౌకత్‌కు పొలం లేదు, దుకాణం లేదు. తండ్రి మొయినుద్దీన్ ఇచ్చి పోయింది ఒక జట్కా, ఆ పల్లెల్లో ఒక మంచి పేరు. పోలీసు యాక్షన్ రోజుల్లో మనుషులు ఒకరినొకరు నమ్మనప్పుడు కూడా, షౌకత్ జట్కా వస్తే తాడిగాంలో దారి ఇచ్చారు. ఇప్పుడు బస్సులు వచ్చాయి. బస్సు వెళ్లని ఊళ్లే అతనికి తిండి పెడుతున్నాయి. ఆ పేరు పోతే అతను కూడా రఫీక్ పక్కన నిలబడి బస్తాలు ఎత్తాల్సిందే.

మర్నాడు పొద్దున తన గుర్రం చాందీని బండికి కడుతుంటే, భార్య బిల్కిస్ గుమ్మంలోకి వచ్చి, రఫీక్ మొహం ఒకసారి గుర్తు చేసుకుని మరీ వెళ్లమంది. గుర్తు చేసుకోనక్కరలేదు, అది అతని కళ్ల ముందే ఉంది.

తాడిగాం దారి పొడుగునా ఎదురుగా చెరుకు బండ్లు వస్తూనే ఉన్నాయి. తాడిగాం బండ్లు కూడా అందులో ఉన్నాయి. ముందు బండి మీద ఎర్రన్న పటేలు కూర్చుని, షౌకత్‌ను చూసి చెయ్యెత్తాడు.

"ఎవల్నో కొత్తాయన్ను పట్టుకపోతున్నవ్?"

"గుడి చూస్తడంట పటేలా."

ఎర్రన్న ఆత్మారాంను ఎగాదిగా చూసి, ఎద్దులను అదిలించి సాగిపోయాడు. ఆ చూపు షౌకత్‌కు నచ్చలేదు. ఏమన్నా జరిగితే ఈ చూపు ఎటు తిరుగుతుందో అతనికి తెలుసు.

తాడిగాం గుడి ఊరికి కాస్త దూరంగా, మంజీర గట్టు మీద ఉంది. సగం కూలిన మంటపం, లోపల నల్లరాతి గోపాలస్వామి, ఆయన పాదాల దగ్గర ఊరేగింపుకు తీసే పంచలోహపు చిన్న విగ్రహం. మూరెడు కూడా ఉండదు గానీ, ఎత్తితే చేతులు లాగేంత బరువు. రాజమల్లు అనే రైతు రోజూ వచ్చి దీపం పెట్టి పోతాడు, తాళం అతని దగ్గరే ఉంటుంది. పసుపు చేను గుడి పక్కనే కాబట్టి ఆ పని అతని మెడకు పడింది.

ఆత్మారాం ట్రంకు మోసుకుంటూ మంటపంలోకి వెళ్లి, గర్భగుడికి ఎదురుగా చతికిలబడ్డాడు.

"నాకు జరసేపు పడుతది. నువ్వు గుర్రానికి నీళ్లు తాపుకోపో" అన్నాడు.

పంపించేస్తున్నాడు, అనుకున్నాడు షౌకత్. కానీ చాందీ నిజంగానే దప్పికతో పెదాలు నాకుతోంది. దాన్ని విప్పి బావి దగ్గరికి తోలుకుపోతే, చేలో రాజమల్లు కనిపించాడు. షౌకత్ అతన్ని పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు.

"రాజమల్లన్నా, నేను తెచ్చిన మనిషే గని, నాకే మనసొప్పుతలేదు. స్తంభాలు కొలుస్తడు. రాత్రి గుళ్లె ఎవలుంటరని అడుగుతడు. పెట్టె ముట్టనియ్యడు. జర కన్నేసి ఉంచు."

రాజమల్లు చేతిలో పార కింద పడేశాడు. "నువ్వు చెప్పి మంచి పని చేసినవ్ షౌకత్ భాయ్. ఆ చిన్న స్వామి పోతె ఊరోళ్లు నన్ను బతకనియ్యరు."

"నన్ను బతకనిస్తరా?" అన్నాడు షౌకత్.

గబగబా చాందీని మళ్లీ బండికి కట్టి, ఇద్దరూ గుడి దగ్గరికి వచ్చారు. చిన్న విగ్రహం చోటులోనే ఉంది, మెడలో బంతిపూల దండ కూడా చెక్కు చెదరలేదు. ఆత్మారాం ట్రంకు మూసి తాళం వేస్తున్నాడు. ఇద్దరూ కలిసి తొంగి చూడటం గమనించి నవ్వాడు. ఆ నవ్వు కూడా షౌకత్‌కు అనుమానంగానే తోచింది.

ట్రంకును ఆత్మారామే తెచ్చి జట్కా వెనక భాగంలో పెట్టాడు. తర్వాత నది చూడాలన్నాడు. ఇసుకలో జట్కా దిగదు, నడవాల్సిందే. షౌకత్‌కు బండి దగ్గర ఉండాలని ఉంది, మనిషి వెంట ఉండాలనీ ఉంది. చివరికి మనిషినే ఎంచుకున్నాడు. "బండి జర సూస్తుండు" అని రాజమల్లుకు చెప్పి, ఆత్మారాం వెనకాలే ఇసుకలోకి దిగాడు.

మంజీర ఆ రోజు ఎంత అందంగా ఉందో చెప్పడానికి షౌకత్ పనికిరాడు, అతను దాన్ని చూడనే లేదు. వానలు తగ్గి, నది మూడు పాయలై పారుతోంది. పాయల మధ్య ఇసుక దిబ్బల మీద పుచ్చ విత్తడానికి గుంటలు తవ్వి ఉన్నాయి. నీళ్లకాకులు రాళ్ల మీద రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. ఆత్మారాం సంచిలోంచి కాగితాలు తీసి గీస్తూ కూర్చున్నాడు. అతను లేచి పదడుగులు వేస్తే షౌకత్ పదడుగులు వేశాడు. అతను పొద పక్కకు పోతే షౌకత్ పొద ఇవతల నిలబడ్డాడు.

"ఏరు దాటాలంటె ఎక్కడ దాటుతరు?" అని ఆత్మారాం అడిగాడు.

"ఎందుకు సార్?"

"అవతలి ఒడ్డు నుంచి చూస్తె గుడి ఇంకా మంచిగ కనబడుతది కావొచ్చు."

అవతలి ఒడ్డు అంటే బొంబాయి రాష్ట్రం. అవతలికి దాటితే ఇక్కడి పోలీసులు ఏం చేయలేరు. షౌకత్ లెక్కలన్నీ సరిగ్గా కలుస్తున్నాయి. దాటే చోటు తనకు తెలియదని అబద్ధమాడాడు.

తిరిగి వచ్చేసరికి రాజమల్లు జట్కా పక్కనే నిలబడి ఉన్నాడు. గుడికి తాళం పడింది. చెమటలు పట్టి, పొలం పని మధ్యలో వచ్చినవాడిలా ఉన్నాడు. ఏదో చెప్పబోయి, ఆత్మారాంను చూసి మింగేశాడు.

"మెల్లగ పో షౌకత్ భాయ్. పయిలంగ పో" అని మాత్రం అన్నాడు. జాగ్రత్తగా వెళ్లమని రోజూ అందరూ అనే మాటే కదా అని షౌకత్ పట్టించుకోలేదు.

చాందీ నాలుగు అడుగులు వేసిందో లేదో, షౌకత్‌కు తెలిసిపోయింది. కర్రలు పైకి లేస్తున్నాయి. కడుపు పట్టీ బిగుస్తోంది.

"సార్, జర ముంగటికి జరుగుండ్రి."

ఆత్మారాం జరిగాడు. అయినా బండి వెనక్కే వాలుతోంది. పొద్దున ఇదే మనిషి, ఇదే ట్రంకు, ఇదే చోటు. పొద్దున ఒక్కసారి జరిపితే బండి సమంగా నిలిచింది. ఇప్పుడు వెనక ఏదో చిన్నది, బాగా బరువైనది చేరింది. ట్రంకు తప్ప వెనక ఇంకేముంది?

చేసేశాడు, అనుకున్నాడు షౌకత్. మేము తొంగి చూసిన తర్వాత, ఎప్పుడో కళ్లు గప్పి పని కానిచ్చాడు. ఎప్పుడు, ఎలా అని ఆలోచించడానికి అతని దగ్గర ఓపిక లేదు. బరువు ఉంది. ఇరవై ఏళ్లలో బరువు ఒక్కసారి కూడా అతనికి అబద్ధం చెప్పలేదు.

దారంతా అతను వెనక్కి తిరగలేదు. ఏం చేయాలో మాత్రం తేల్చుకున్నాడు. ఈ మనిషిని ఒంటరిగా పట్టుకుంటే, రేపు ఇద్దరూ కలిసి చేశారంటారు. తాడిగాం వాళ్ల ముందే పట్టుకోవాలి. వాళ్లు ఎక్కడున్నారో తెలుసు.

ఫ్యాక్టరీ గేటు ముందు చెరుకు బండ్ల వరస రోడ్డు మీదికి వచ్చింది. ఎద్దులు విప్పి, చెట్ల నీడలో రైతులు బీడీలు కాలుస్తున్నారు. షౌకత్ సరిగ్గా ఎర్రన్న బండి పక్కన కళ్లెం లాగాడు.

"పటేలా, ఇట్ల రా. మీ ఊరోళ్లందర్ని పిలువు. ఈ సార్ పెట్టె తెరవమని అడుగు."

ఆత్మారాం నివ్వెరపోయాడు. "ఏమైంది?"

"పెట్టె తెరవుండ్రి సార్. పొద్దుగాల లేని బరువు ఇప్పుడు నా బండ్ల ఉన్నది. చిన్నస్వామిని తీసుకొస్తున్నరు మీరు."

ఆ మాట చాలు. పది మంది ఇరవై అయ్యారు. ఎవరో ట్రంకును కిందికి లాగారు. ఆత్మారాం వద్దనలేదు. తాళం తీసి, రోడ్డు మీదే మూత ఎత్తాడు. గాజు సీసాల్లో రంగులు, గుడ్డల్లో చుట్టిన కుంచెలు, కాగితాలు. సీసాలు పగులుతాయనే కాబోలు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. కాగితాల మీద దేవల్ మసీదు స్తంభాలు, కాలువ గట్టు, దండ వేసుకున్న చిన్నస్వామి.

లాల్చీ పక్కన వేలాడుతున్న సంచిలోంచి ఎర్రన్న ఇంకో కాగితం లాగాడు. చూసి, షౌకత్ మొహం దగ్గర పెట్టాడు. "ఇది నువ్వే గద."

మంజీర ఇసుక. దూరంగా గట్టు మీద చాందీ. ఇవతల తలపాగాతో షౌకత్, మెడ పక్కకు తిప్పి, దొంగను కాపలా కాస్తున్న చూపుతో. అద్దంలో కూడా అతను తనను అంత స్పష్టంగా చూసుకోలేదు.

"నిన్నటి సంది నన్ను గట్లనే సూస్తున్నవ్" అన్నాడు ఆత్మారాం మెల్లగా. "ఎందుకో తెల్వలె గని, మొఖం మంచిగ కుదిరిందని గీసిన."

ఎవరో నవ్వారు. షౌకత్ చెవులు కాలిపోయాయి. అక్కడితో క్షమించమని అడిగి ఊరుకుంటే కథ వేరేలా ఉండేది. కానీ అతని కళ్లు జట్కా మీద పడ్డాయి. మనిషి దిగాడు, ట్రంకు దిగింది, తనూ దిగాడు. అయినా బండి ఇంకా వెనక్కే వాలి ఉంది. చాందీ కడుపు పట్టీ ఇంకా బిగిసే ఉంది.

"నేను తప్పు చెప్పలే. బరువు ఉన్నది, సూడుండ్రి" అంటూ, తన మాట నిలబెట్టుకోవడానికి తానే వెళ్లి, వెనక పరిచిన గోనెపట్టా ఎత్తి, కింది గడ్డిలో చెయ్యి పెట్టాడు.

చెయ్యి చల్లని లోహానికి తగిలింది. దండలోని బంతిపువ్వు ఒకటి అతని వేళ్లకు అంటుకుని బయటికి వచ్చింది.

గడ్డి పక్కకు తోస్తే చిన్నస్వామి బయటపడ్డాడు. తర్వాత ఎర్రన్న చెయ్యి షౌకత్ కాలరు మీద పడింది. ఎర్రన్న కూతురు రేణుకమ్మ పురిటి నొప్పులతో మెలికలు తిరుగుతుంటే, ఒక వాన రాత్రి షౌకత్ వాగు దాటించి ఆస్పత్రికి చేర్చినప్పుడు, ఇదే ఎర్రన్న ఇదే చేత్తో అతన్ని పట్టుకుని ఏడ్చాడు.

"నీ బండ్ల, నీ గడ్డి కింద" అన్నాడు ఎర్రన్న. "పరాయి మనిషి మీద పెట్టి నువ్వు తప్పించుకుందామనుకున్నవా?"

"పటేలా, నాకు తెల్వదు. ఖుదా కసం, నాకు తెల్వదు."

చెబుతుంటే తన గొంతు తనకే దొంగ గొంతులా వినపడింది. రఫీక్ కూడా సరిగ్గా ఇదే మాట అన్నాడని అతనికి గుర్తొచ్చింది. ఆ రోజు రఫీక్ మాటను షౌకత్ కూడా పూర్తిగా నమ్మలేదు. ఆ సంగతి అతను ఇన్నేళ్లూ తన దగ్గర కూడా దాచుకున్నాడు. ఎవరో చక్రం మీద రాయితో కొట్టిన చప్పుడైంది. చాందీ బెదిరి సకిలించింది.

"ఆగుండ్రి." ఆత్మారాం గుంపులోకి చొరబడి, ఎర్రన్నకూ షౌకత్‌కూ మధ్య నిలబడ్డాడు. "ఇది ఈయన పెట్టలే."

"నీకెట్ల తెలుసు?"

"నేను గుళ్లె కూసున్నంతసేపు స్వామి నా ముంగటనే ఉన్నడు. నేను పెట్టె మూస్తున్నప్పుడు గూడ ఉన్నడు, ఆ దీపం పెట్టే రాజమల్లు కూడా సూసిండు. అప్పటి సంది ఈయన నన్ను ఒక్క అడుగు ఇడిసిపెట్టలే. ఇసుకల నేను యాడికి పోతె ఆడికి వచ్చిండు. పొద సాటుకు పోయినా వచ్చిండు. నన్ను దొంగనుకున్నడు గాబట్టే నా పక్క నుంచి కదల్లే. ఇంక స్వామిని ఎప్పుడు తెస్తడు?"

"మీరిద్దరు కలిసిండ్రేమో" అన్నారు వెనక నుంచి ఎవరో.

"కలిస్తె, నన్ను పట్టుకొచ్చి మీ ముంగట నిలబెడుతడా? తన గడ్డి తనే ఎత్తి సూపిస్తడా?"

ఎర్రన్న పట్టు సడలలేదు గానీ, బిగియనూ లేదు. అప్పుడే సైకిలు గంట మోగింది. అడ్డం వచ్చిన ఎద్దును తప్పించబోయి, రాజమల్లు సైకిలుతో సహా చెరుకు గడల మీద పడ్డాడు. లేస్తూనే గడ్డి పైన ఉన్న విగ్రహాన్ని చూసి, రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు.

"నేనే పెట్టిన పటేలా. షౌకత్ భాయ్‌ని ఇడువు, నేనే పెట్టిన."

రొప్పుతూనే చెప్పుకొచ్చాడు. "ఈ సార్ మీద కన్నేయమని షౌకత్ భాయ్ చెప్పిండు. రాత్రికి మల్ల వస్తడని భయమైంది. ఊర్ల యాడ దాచినా ఎవలో ఒకలు సూస్తరు, నన్నే దొంగంటరు. షౌకత్ భాయ్ ఇంట్లయితె పయిలం. మాపటికి పోయి చెప్పి, నాలుగొద్దులైనంక తెచ్చుకుందామనుకున్న. చెప్పుదామంటె ఈ సార్ పక్కనే ఉండె. ఇంట్ల నిలువబుద్ధి గాక ఎంటబడి వచ్చిన." తర్వాత అమాయకంగా అన్నాడు, "షౌకత్ భాయ్‌ని ఎవలు అనుమానిస్తరు, పటేలా?"

రాయి పట్టుకున్నవాడు దాన్ని మెల్లగా చెట్టు మొదట్లో పడేశాడు.

ఎర్రన్న కాలరు వదిలి, నలిగిన చోట అరచేత్తో సవరించాడు. "మనసుల పెట్టుకోకు షౌకత్. దేవుని సంగతి గద, ఆవేశం వచ్చింది."

షౌకత్ నోటి దాకా ఆ వాన రాత్రి వచ్చింది. రేణుకమ్మ పేరు వచ్చింది. గట్టిగా అడగాలనిపించింది. కానీ కింద రోడ్డు మీద ఆత్మారాం ట్రంకు నోరు తెరుచుకుని ఉంది, కాగితాల మీద చెరుకు దుమ్ము పడుతోంది. అవి అలా పడటానికి కారణం తను. ఎర్రన్న తనకు ఇప్పుడు చేసింది, తను ఆ మనిషికి నిన్నటి నుంచి చేస్తూనే ఉన్నాడు. ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు?

అతను వంగి ఒక్కో కాగితం ఏరి, తలపాగా కొసతో తుడిచి, ట్రంకులో పేర్చాడు. తన బొమ్మ వచ్చినప్పుడు దాన్ని తుడుస్తూ ఎక్కువసేపు ఉన్నాడు. రాజమల్లు స్వామిని తువ్వాలలో చుట్టుకుని ఎర్రన్న బండి ఎక్కాడు. జట్కా కర్రలు కిందికి దిగి, చాందీ హాయిగా ఊపిరి తీసింది.

ఆత్మారాం మెట్టు మీద కాలు పెట్టి ఆగాడు. "యాడ కూసోమంటవ్, ముంగటికా ఎన్కకా?"

షౌకత్ గోనెపట్టాను మళ్లీ సరిగ్గా పరిచాడు. తర్వాత అన్నాడు, "మీ ఇష్టం సార్. మీరు యాడ కూసుంటె ఆడ కూసోండ్రి. నేను జరుగుత."

ఆత్మారాం కాళ్లు చాపుకుని బాగా వెనక్కి కూర్చున్నాడు. షౌకత్ తన పీట వదిలి, కర్రల మొదలు దాకా ముందుకు జరిగి, ఇరుకుగా కూర్చుని కళ్లెం పట్టుకున్నాడు. బండి సమంగా నిలిచింది. గంజి బజారు దగ్గర ఎవరితోనో మాట్లాడాలి, కాస్త ఆగుదామా సార్ అని అడిగాడు. ఆత్మారాం సరేనన్నాడు. పసుపు బస్తాల మధ్య రఫీక్ కనిపించగానే షౌకత్ కళ్లెం లాగి కిందికి దిగాడు.